కోరం కాని ఆదివారాలు

30 జూన్ 1982, బుధవారం

ఆడవాళ్ల సమాన హక్కుల అమెండ్‌మెంట్‌కి ఇవాళే ఆఖరి గడువు. మూడు రాష్ట్రాల ఆమోదం తక్కువై వీగిపోయింది. మా వార్డు నర్సు ఒకామె లంచ్ మానేసి ఏడ్చింది. దేశమంతా ఓటేస్తే గెలిచేది కదా అన్నాను. ఇక్కడ రాజ్యాంగం మార్చాలంటే జనాన్ని అడగరట, రాష్ట్రాల్నే అడుగుతారట.

మా జెర్సీ సిటీ తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌కీ ఒక కాన్‌స్టిట్యూషన్ ఉంది. సెక్రటరీ కాబట్టి మా ఆయనే టైప్ చేశారు. ఇంటికి ఒక ఓటు, అది మగవాళ్లది. కుర్చీలు సర్దేదీ కూరలు వండేదీ మేము. మాకూ ఓటు ఉండాలని అమెండ్‌మెంట్ పెట్టమన్నాను. పెడతాలే గానీ, మెంబర్లలో మూడింట రెండొంతుల మంది వస్తేనే కోరం, అప్పుడే మీటింగ్ చెల్లుతుందన్నారు. ఎందుకు రారు, అనుకున్నాను.

18 జులై, ఆదివారం

రాలేదు. ముఖం మీద వద్దనే ధైర్యం ఎవరికీ లేదు, ఇంట్లో కూర్చుంటే సరిపోతుంది. పెద్ద ఎల్డర్ దైవాశీర్వాదంగారు కార్ బ్యాటరీ డౌన్ అని ఫోన్ చేశారట. సాయంత్రం గ్రోసరీ దగ్గర ఆయనా, ఆ కారూ కనబడ్డారు.

22 ఆగస్టు

మళ్లీ కోరం కాలేదు. ఒళ్లు మండిపోతోంది.

25 ఆగస్టు

మనవాళ్లు ఏది మానినా ప్రభువు బల్ల మానరు. నెల మొదటి ఆదివారం జ్వరంతోనైనా వచ్చి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే వెళ్తారు. మీటింగ్ ఆ వెంటనే పెట్టమన్నాను. బల్లను ఎరగా వాడతావా అన్నారు మా ఆయన. నాకూ మనసొప్పలేదు. అయినా పెట్టమన్నాను.

3 అక్టోబర్, ఆదివారం

అందరూ వచ్చారు. బల్ల అయ్యీ అవగానే దైవాశీర్వాదంగారు లేచారు. ఆయన వెళ్తే వెనకే సగంమందీ వెళ్తారు. కార్ తాళాలు వాళ్లావిడ జ్ఞానమ్మక్క హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయి. అక్క లేవలేదు. ఆయన కాసేపు నిలబడి, మళ్లీ కూర్చున్నారు. మగవాళ్లు ఒకరినొకరు చూసుకుని చేతులెత్తారు. నెగ్గింది. ఇంటికొచ్చి గసగసాలు వేసి కోడికూర వండాను. చాలా సంతోషంగా ఉంది.

16 జనవరి 1983

పాత రూల్ తిరిగి తేవాలని దైవాశీర్వాదంగారు నోటీస్ ఇచ్చారు. ఫిబ్రవరి మొదటి ఆదివారం, బల్ల అయిన వెంటనే. మా దగ్గరే నేర్చుకున్నారు. ముందు నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. భర్త పక్కన కూర్చుని ఆయనకు ఎదురుగా చేయెత్తలేనని లూసీ అంది. అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. మీటింగ్ జరిగితే ఓడిపోతాం.

2 ఫిబ్రవరి

జ్ఞానమ్మక్క ఫోన్ చేసింది. ఇప్పుడు కోరంలో ఆడవాళ్ల లెక్క కూడా కలుస్తుందా అని అడిగింది. మెంబర్లలో సగం మనమే అన్నాను. అయితే ఆదివారం తనకు తలనొప్పి వస్తుందంది. లూసీకీ వస్తుందట. మిగతావాళ్లకి నేను ఫోన్ చేశాను. ఎవరూ కాదనలేదు.

కానీ బల్ల కూడా మానాలి. తలుచుకుంటే ఏదోలా ఉంది.

6 ఫిబ్రవరి

బాప్తిస్మం తీసుకున్నాక ప్రభువు బల్ల మానడం ఇదే మొదటిసారి.

మా ఆయన వచ్చి కోరం కాలేదన్నారు. కోటు జేబులోంచి మడిచిన పేపర్ న్యాప్‌కిన్ తీసి నా ముందు పెట్టారు. అందులో చిన్న రొట్టె ముక్క.

ఇంకా తినలేదు.