గట్టుకు అటూ ఇటూ

1999 ఫిబ్రవరి 22, పులివెందుల

ఈ రోజు కాలేజీలో సెకండియర్ ఎకనామిక్స్‌కు మార్కెట్ ఫెయిల్యూర్ చెప్పాను, ఎవరి లాభం వాళ్ళు చూసుకుంటే చివరికి అందరూ నష్టపోయే సంగతి. టెక్స్ట్‌బుక్‌లో ఉదాహరణ లైట్‌హౌస్. సముద్రం మొహం చూడని పిల్లలకు లైట్‌హౌస్! ఆ రాసిన మహానుభావుడు ఎండాకాలంలో ఒక్కసారి మా పల్లెకు వస్తే చాలు, చాప్టరంతా మా గట్టు మీద కూర్చుని రాసుకోవచ్చు.

గట్టుకు ఇటు మా నాన్న ఏలీయా చీనీ తోట, అంటే బత్తాయి. అటు ఆయన తమ్ముడు పాలయ్య చిన్నాన్నది. కింద ఉన్న నీళ్ళు ఒకటే. చిన్నాన్న తన బోరు ఇంకా లోతుకు దించాడు, నాన్న బోరు గాలి కక్కుతోంది. చెట్లు ఈ ఏడే కాపుకొచ్చాయి. అవి పోతే నాన్నకు ఇంకో ఆధారం లేదు.

మార్చి 7, ఆదివారం

చర్చి అయ్యాక ఇద్దరినీ నిలబెట్టి చెప్పాను. కలిసి ఒకే బోరు వేసుకోండి, రోజు మార్చి రోజు పారించుకోండి అని. వాడు ఆ పార్టీ, నేను ఈ పార్టీ, ఇద్దరమూ ఒక మోటారు కాడ కనపడితే మా లీడరు ఏమనుకుంటాడమ్మా అన్నాడు నాన్న. చిన్నాన్నదీ అదే మాట. లీడరు వేరు, అంతే.

ఆ లీడర్లు వీళ్ళ చెట్లకు చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. సిగ్గులేని మనుషులు.

మార్చి 19

నాన్న టెంకాయ పట్టేవాణ్ణి పిలిపించాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా తిరిగాడు. అది లేచి నిలబడిన చోట నీళ్ళట. సరిగ్గా గట్టు పక్కనే నిలబడింది. అక్కడే పాస్టరు గారి చేత ప్రార్థన కూడా చేయించాడు నాన్న. ప్రభువుకూ టెంకాయకూ పొత్తు కుదిరింది. అన్నదమ్ములకే కుదరలేదు.

మార్చి 20

టెంకాయ నిలబడిన చోటే బోరు వేశారు, నీళ్ళు పడ్డాయి. నాన్న వాలకం ఎలక్షన్ గెలిచినట్టుంది.

మార్చి 28

చిన్నాన్న బోరు ఎండింది. ఎలిజబెత్ చిన్నమ్మ గట్టు కాడికి వచ్చి, బావా, చెట్లు వాడిపోతాండాయి, ఒక్క తడి ఇయ్యి అని అడిగిందట. మీ లీడర్ను అడుగుపో అన్నాడట నాన్న. అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఈ మనిషి రోజూ బైబిలు చదువుతాడు.

ఏప్రిల్ 4, ఈస్టర్

చిన్నాన్న కూడా ఆ టెంకాయ మనిషినే పిలిచాడు. టెంకాయ గట్టుకు అవతలి పక్కన నిలబడింది. ఈడా ఆడా కింద ఒకటే నీళ్ళ పాయప్పా, కొట్లాడుకోకండి అని అతనే మొత్తుకున్నాడట. ఎవరు వింటారు? బోరు వేసే రిగ్గు దించారు, నీళ్ళు పడ్డాయి.

ఏప్రిల్ 15

నాన్న బోరు ఆగింది.

ఏప్రిల్ 23, సాయంత్రం

చిన్నాన్నదీ ఆగింది. మళ్ళీ రిగ్గు వచ్చింది. మా తోటలో దుమ్ము లేపి, గట్టు దాటి అవతల లేపింది. రెండు చోట్లా చుక్క నీరు లేదు, దుమ్మే. నేను చెప్పానా లేదా అని నాన్న మీద అరిచాను. పుస్తకాలు చదివినదానివి, ఈడ బతుకు నీకేం తెలుస్తాదిలే అన్నాడు. ఆయనకు తెలిసిన బతుకు ఇదీ! అసహ్యం వేసింది. ఆకులు రాలుతుంటే ఆయన ఏరుకుంటూ కూర్చున్నాడు. అది చూసి ఏడుపూ వచ్చింది.

జూన్ 2

ఎండిన చెట్లు కొట్టించారు, కట్టెల లారీ వచ్చింది. సగం లోడుకైతే రానన్నాడట డ్రైవరు. నాన్న చెట్లూ చిన్నాన్న చెట్లూ కలిపి ఒకే లారీకి ఎత్తారు. ఏ పార్టీ వాళ్ళూ అడ్డు చెప్పలేదు.