స్వరూప కోసం ఉంచిన సీటు

వనపర్తి,
29-5-2007.

ప్రియమైన అమ్మకు పెద్దబిడ్డ సుగుణ వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం.

ప్రభువు దయ వల్ల నేనిక్కడ వేళకు తింటూ, నా కాళ్ల మీద నేను తిరుగుతూ బాగానే ఉన్నాను. నువ్వు, నాయన, చెల్లె స్వరూప ఆ బీజాపూర్ ఎండల్లో కాలువ పని చేస్తూ కూడా బాగున్నారనే తలుస్తాను. లింగాలలో సాయమ్మ అవ్వ బాగుంది. పోయిన ఆదివారం చర్చికి వచ్చిన మన ఊరామెతో కబురు పంపింది. "కండ్లు జర మసకైనయి గానీ నోరు మంచిగనే ఉన్నదని చెప్పు" అందట. ఆ సంగతి వేరే చెప్పాలా!

నీ ఉత్తరం అందింది. నువ్వు చెబుతుంటే స్వరూప రాసిందని తెలుసు గానీ, ఏ మాట నీదో ఏ మాట దానిదో నాకు ఇట్టే తెలిసిపోతుంది. "నా ఆశాజ్యోతివైన సుగుణా" అని నువ్వు జన్మలో అనవు. ఈ ఉత్తరం కూడా అదే నీకు చదివి వినిపిస్తుంది. స్వరూపా, ఈసారి ఒక్క మాట కూడా మింగకుండా చదువు. నా మీద ఒట్టు. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారేమో. మీ గుంపు మేస్త్రి వెంకట్రాములు సెల్లు చేతికిచ్చి పక్కనే నిలబడి వింటాడు. మనసులో మాట ఎట్లా చెప్పను?

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అన్నం వేళకే తింటున్నాను. సూదులు నేనే వేస్తున్నాను, సెలైను కూడా ఎక్కిస్తున్నాను. ఇప్పుడు వడదెబ్బ కేసులు, వాంతులు, విరేచనాలు మెండు. నీళ్లు లేక ఎండిపోయిన చిన్నపిల్లల చేతికి నరం దొరకదు. ఒక్కోసారి నాకు దొరుకుతుంది. ఆ పూట నాకు ఆకలి కూడా గుర్తుకు రాదు. కుర్చీలో కూర్చునే పనేనా అని అడిగావు. కుర్చీ ఉందమ్మా, దాని మీద రోగుల బట్టల మూటలు పెడతాం.

ఇక పెద్ద ప్రశ్న. "చెల్లెను గూడ నీ లెక్క నర్సును జేద్దమంటే ఎంతయితది? అయినంక నెలకెంతొస్తది?" అని రాయించావు. ఇది నీ మాటే.

నేను ఈ ప్రైవేటు దవాఖానలో చేరినప్పుడు, దీన్ని నడిపే మా సారు ఏడాది కోర్సుకు పన్నెండు వేలు అన్నాడు. తర్వాత బట్టలకని, పరీక్షకని, సర్టిఫికెట్‌కని అడుగుతూ పోతే ఇరవై వేలు దాటింది. మీరు రెండు సీజన్లు కాలువ తవ్వితే మిగిలిన డబ్బు అది. పాఠాలు చెప్పింది మూడు నెలలే. దవాఖాన పై అంతస్తులో రేకుల కింద కూర్చోబెట్టి, మనిషి ఒంటి పటం గోడకు తగిలించి చెప్పారు. మిగతా తొమ్మిది నెలలు ప్రాక్టీసు అన్నారు. ప్రాక్టీసంటే కింది వార్డులో జీతం లేకుండా పనిచేయడం. ఇప్పుడు నా జీతం పన్నెండు వందలు. గది కిరాయి, తిండి, సబ్బులు పోతే మిగిలేదేమీ ఉండదు. స్టాఫ్ నర్సునయ్యానని నేను రాసిన మాట నిజం కాదు. నువ్వు క్యాంపులో అందరికీ చూపిస్తున్న ఫొటోలో నా మెడలోని గుండె చూసే గొట్టం స్టూడియో వాళ్లది.

మా వార్డులో రుక్కమ్మ అని ఆయా ఉంది. ఏ కోర్సూ చదవలేదు. ఆమెకు నెలకు వెయ్యి. కాన్పయినవాళ్లు ఆమె చేతిలో యాభయ్యో వందో పెడతారు. తెల్లకోటు వేసుకున్న నాకు ఇస్తే బాగుండదని ఇవ్వరు. నెలాఖరుకు ఆమె దగ్గర చేబదులు తీసుకునేది నేనే. "రెండొందల కోసం ఏడాది సదివినవా బిడ్డా?" అని నవ్వుతుంది. ఎగతాళికి అనదు, అందుకని ఆమె మీద కోపం కూడా తెచ్చుకోలేను.

పోయిన చలికాలం నాగర్‌కర్నూల్ సర్కారు దవాఖానలో మనుషులను తీసుకుంటున్నారని తెలిసి పోయాను. అక్కడి గుమాస్తా నా సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది చెల్లదమ్మా. సర్కారు ఒప్పుకున్న ట్రైనింగ్ అయ్యుండాలె" అన్నాడు. "మా సారు చెల్తదని చెప్పిండు సార్" అన్నాను. "అయితే మీ సారునే నౌకరి ఇయ్యమను" అని కాగితం నా ముందుకు తోశాడు. వనపర్తి వచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. మీకు మాత్రం జలుబు చేసిందని రాశాను.

అట్లాంటి చోట ఎందుకున్నావు, వచ్చెయ్యి అంటావు. రాలేను. నా పదో తరగతి అసలు మార్కుల మెమో సారు బీరువాలో ఉంది. చేరిన రోజు అడిగితే సంతోషంగా ఇచ్చేశాను. మన ఇల్లు కురుస్తుంది కదా, ఇక్కడైతే తడవకుండా భద్రంగా ఉంటుందనుకున్నాను. సంతకం పెట్టిన బాండు కాగితంలో, కోర్సయ్యాక మూడేళ్లు ఇక్కడే పనిచేయాలని ఉందట. మధ్యలో పోతే పదిహేను వేలు కట్టాలి. ఇంకా ఏడాదిన్నర మిగిలింది. పాలమూరులో సర్కారు ట్రైనింగ్ ఉంది, అక్కడ ఫీజు లేదు, కానీ అసలు మెమో చూపించనిదే దరఖాస్తు తీసుకోరు. మీరు మేస్త్రి దగ్గర ముందే డబ్బు తీసుకుని చిక్కుకున్నారు. నేను డబ్బిచ్చి మరీ చిక్కుకున్నాను.

ఇక నీ ఉత్తరంలో చివర అడిగిన మాట. ఇంతసేపూ దాన్ని దాటేస్తూ వచ్చాను. "మీ సారు మేస్త్రి సెల్లుకు ఫోను జేసి, స్వరూపకు సీటు ఉంచిన, జల్ది తోలియ్యుండ్రి అన్నడు. ఎంత మంచి సారు! మేస్త్రి నంబరు ఆయనకెట్ల తెలిసెనో" అని రాయించావు.

నేనే ఇచ్చానమ్మా.

పది రోజుల కింద సారు నన్ను గదిలోకి పిలిచాడు. "నీ చెల్లె నిరుడు పది పాసయ్యిందట గదా. ఈ బ్యాచిల సీట్లు నిండలే. ఆమెను చేర్పియ్యి. ఫీజు కట్టిన రోజే నీ మెమో నీ చేతిల పెడ్త. బాండు సంగతి మర్చిపోత" అన్నాడు. "మా ఇంట్ల అడిగి చెప్త సార్" అనాల్సింది. అనలేదు. బల్ల మీదున్న పెన్ను తీసుకుని చీటీ మీద మేస్త్రి నంబరు రాసిచ్చాను. మెట్లు రెండేసి చొప్పున దిగాను. ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు కొనుక్కుని తిన్నాను. ఎన్నాళ్లకో నాకు రుచి తెలిసింది.

స్వరూపా, ఆగకు, చదువు. నీ నోటితోనే ఈ మాట అమ్మకు చెప్పించాల్సి వచ్చింది. నన్ను తిట్టాలనుంటే తిట్టి, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం చదివాక గానీ నేను చేసిందేమిటో నాకు తెలియలేదు. ఫీజు మేస్త్రి కడతాడట, వచ్చే సీజను కూడా మీరిద్దరూ అతని గుంపులోనే రావాలట, నాయన ఒప్పుకునేటట్టే ఉన్నాడట. మోకాళ్లు పట్టేసి నాయన పొద్దున లేవలేకపోతున్నాడని రాసింది కూడా ఆ ఉత్తరంలోనే. ఈ యేడుతో గుంపు పని మానేస్తానని మొన్న క్రిస్మస్‌కు నా ముందే కదా అన్నాడు! నా మెమో కోసం నాయన ఇంకో ఏడు ఆ కాలువలో దిగాలి. దిగినా స్వరూపకు వచ్చేది పన్నెండు వందల జీతం, బీరువాలో దాని మెమో.

అందుకే చెబుతున్నాను, స్వరూపను పంపకు. మేస్త్రి డబ్బు ముట్టుకోవద్దని నాయనకు చెప్పు. దాని మెమో నీ పెట్టెలోనే ఉంది కదా, ఎవరు భద్రంగా దాచిపెడతామన్నా ఇవ్వకు. వానలు పడి మీరు ఊరికి రాగానే దాన్ని పాలమూరు తీసుకుపోయి సర్కారు ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టించు. దానికి నాకంటే మార్కులు ఎక్కువ. సీటు వస్తుందని నేను మాట ఇవ్వలేను. రాకపోతే ఏం చేయాలో నాకూ తెలియదు.

నా సంగతి అడుగుతావని తెలుసు. నాకేం ఫర్వాలేదు, ఏడాదిన్నర ఎంతలో పోతుంది అని రాద్దామనే కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. నాకిక్కడ ఊపిరాడడం లేదమ్మా. రోజూ ఆ గది ముందు నుంచి పోతుంటే బీరువా కనబడుతుంది.

రేపు స్వరూప సంచి పట్టుకుని వనపర్తి బస్టాండులో దిగిందనుకో, ఈ ఉత్తరం రాసిన నేనే దాన్ని తిట్టి వెనక్కి పంపుతానని నమ్మకు. చెయ్యి పట్టుకుని నేనే సారు గదికి తీసుకుపోతాను. నా మీద నాకు నమ్మకం లేదు. నువ్వే దాన్ని బస్సు ఎక్కనివ్వకు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
సుగుణ