హాజరులో లూయిస్ పేరు

యానాం, ఫరంపేటలో ఉంటున్న దంగేటి ఉమామహేశ్వరం అనే నేను, వయసు డెబ్బై మూడు, మొదట విలేకరిగా పనిచేసి, తర్వాత సైన్స్ ఫిక్షన్ కథలూ రెండు సినిమాలకు స్క్రీన్‌ప్లేలూ రాసినవాణ్ణి, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. జ్ఞాపకశక్తి బాగానే ఉంది. నా ఇబ్బంది అదే.

1. ఇల్లు, అందులోని సామాను నా మేనకోడలు హేమశ్రీకి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే.

2. నా కథలను ‘పడవలెక్కిన మరబొమ్మలు’ అని పదిమందిలో నవ్విన పాత స్నేహితుడు గోపాలకృష్ణకు నా నల్ల గొడుగు. అది అతనిదే. ఆ మాటకు కోపమొచ్చి తిరిగి ఇవ్వలేదు.

3. ‘హాజరు’ కథ మీద, దాని సినిమా మీద నాకున్న హక్కులన్నీ మా వీధిలో బట్టలు కుట్టే ఆరోగ్యమ్మకు. కారణం ఇది. నా చేతిరాత ప్రెస్సు వాళ్లకు అర్థం కాదు. ఇరవై ఏళ్లు నా కథలకు ఫెయిర్ కాపీలు ఆమే రాసింది. ‘హాజరు’లో ఒక యంత్రం రోజూ రేవులో జాలర్ల పేర్లు పిలుస్తుంది. నా చిత్తుప్రతిలో, గల్లంతైనవాడి పేరును అది చెరిపేస్తుంది. ఆరోగ్యమ్మ తన కాపీలో ఆ పేరును రోజూ పిలిపించింది. లూయిస్ అని రాసింది. లూయిస్ ఆమె భర్త. తొంభై ఆరు తుపానులో వేటకెళ్లి తిరిగి రాలేదు.

ఆ ముగింపు నేను ఉంచుకున్నాను. లూయిస్‌ను కొట్టేసి విక్రమ్ అని రాశాను. ఆ కాపీలో నా చేతిరాత ఉన్నది ఆ పేరు దగ్గరే. సినిమా ఆ ముగింపుతోనే ఆడింది. హాలు బయట ఆమె నాతో, “మీ పేరు బాగా పెద్దగా పడిందండి మాస్టారూ, నేల టిక్కెట్టు కాణ్ణుంచి కూడా కనపడిందండి” అంది. లూయిస్ సంగతి అడగలేదు. నేనూ ఎత్తలేదు. నా చొక్కాలు ఇప్పటికీ ఆమే కుడుతోంది.

4. ఇకమీదట ఆ కథ ఎక్కడ అచ్చయినా రచయితలుగా ఇద్దరి పేర్లూ వేయాలి, ఆమెది ముందు. విక్రమ్ ఉన్న పదకొండు చోట్లా లూయిస్ అని మార్చాలి. ఈ మాట ఆమెకు ఎదురుగా చెప్పే ధైర్యం నాకు ఇన్నేళ్లలో రాలేదు.

5. ఆ సినిమాకు వచ్చిన ఇత్తడి జ్ఞాపిక కూడా ఆమెకే. బట్ట కత్తిరించేటప్పుడు కదలకుండా బరువుకు పెట్టుకుంటుంది. పెట్టుకోనివ్వండి.

ఇందులో మూడు కొట్టివేతలున్నాయి. మూడింటి పక్కనా పొట్టి సంతకం చేశాను. దీనికి ఫెయిర్ కాపీ రాయించలేదు. హేమశ్రీకి చదవడం కష్టమైతే ఆరోగ్యమ్మ చేత చదివించుకోవాలి. నా రాత తెలిసింది ఆమెకొక్కదానికే.

యానాం, 18 ఆగస్టు 2025
(సంతకం) దంగేటి ఉమామహేశ్వరం

సాక్షులు:
1. సాయికిరణ్, మందుల షాపు, ఫరంపేట
2. వెంకటలక్ష్మి, రిటైర్డు టీచరు, దరియాలతిప్ప