బల్ల ఖాళీగా ఉందని హడలిపోకు

బుజ్జీ, ఇంట్లో దొంగలు పడలేదు. పోలీసులు వచ్చి కంప్యూటర్‌ను సాక్ష్యం కింద పట్టుకెళ్లారు. మీ బాబాయి దాని మీదే ఆన్‌లైన్‌లో ఎవరెవరినో మోసం చేశాడట. ప్రశ్నించి ఇవాళ్టికి వదులుతున్నారు, తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్తున్నాను. అన్నం వండి ఉంచాను, నాకోసం చూడకుండా తినేయ్.

నాన్న మంచాన పడ్డాక నీకోసం చదివి రికార్డు చేసిన కథలన్నీ అందులోనే ఉండిపోయాయి. "ఒక్కటి కాపీ చేసుకుంటానయ్యా" అని బతిమాలాను. "ముట్టుకోకూడదమ్మా, కేసు తేలాకే ఇస్తాం" అన్నాడు ఎస్సై. ఎప్పటికి తేలుతుందో.

అమ్మ

బాబాయిని నాలుగు తిట్టాలనిపిస్తే తిట్టు, మనసులో పెట్టుకోకు. కథల సంగతి మాత్రం ఎత్తకు. నాన్న పోయాక రోజూ వాటిని పెట్టుకుని, వింటూ వింటూ కుర్చీలోనే నిద్రపోయేది మీ బాబాయే.