మెడలో మాల, నోట్లో వాసన

నవంబరు 17, 1998
అయ్యప్ప మాల వేసుకున్నాను. లివర్ వాచింది, తాగుడు ఆపండి అన్నాడు డాక్టరు. నా అంతట నేను ఆపలేను. ఈ నలభై ఒక్క రోజులూ దేవుడే ఆపాలి. ఇంట్లో శారద, అమ్మాయి సుమ కూడా నన్ను స్వామీ అనే పిలవాలి. ఇరవయ్యేళ్ల కాపురంలో శారద నోట ఇంత మర్యాద వినలేదు!

నవంబరు 25
కాలేజీలో లివర్ పాఠం చెప్పాను. ముందు బెంచీలో సుమ. "లివర్ ఆఫీసు గుమాస్తా లాంటిది. సుమారు గంటకో పెగ్గు కరిగిస్తుంది, అంతే. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం... ఏవీ తొందరపెట్టలేవు. కొంత ఊపిరిలోనే బయటికొచ్చేస్తుంది" అన్నాను. వెనక బెంచీల్లో నవ్వులు. సుమ రాసుకుంది.

డిసెంబరు 4
చేతులు వణకడం లేదు. పూజయ్యాక సుమ రోజూ కాళ్లకు మొక్కుతోంది. సిగ్గుగా ఉంది... బాగానూ ఉంది.

డిసెంబరు 9
తాగాను.
ఏలూరు నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగాను. ఎందుకు దిగానో నాకు తెలుసు. నల్లబట్టలు చూసి షాపువాడు "స్వామీ, మీరా?" అన్నాడు. "నాక్కాదండీ, వేరేవాళ్లకి" అన్నాను. నాలుగు పెగ్గులు. అప్పటికి టైము మూడు. పూజ ఏడింటికి. నాలుగు గంటల్లో నాలుగూ పోతాయనుకున్నాను. బెజవాడ రాగానే కృష్ణలో మునిగాను, మజ్జిగ తాగాను, లవంగాలు నమిలాను. పాఠం చెప్పిందీ నేనే, ఇవన్నీ చేసిందీ నేనే. ఛీ.
హారతిచ్చి గట్టిగా శరణు చెప్పాను. మొక్కడానికి వంగబోయిన సుమ సగంలో ఆగింది. నా మొహం చూసింది. ప్రసాదం తీసుకోకుండా లోపలికి వెళ్లిపోయింది.

డిసెంబరు 10
పొద్దున్నే —
"నాన్నా, కాఫీ."
వంటింట్లోంచి శారద: "స్వామీ అనాలే, తప్పు!"
సుమ గ్లాసు నా ముందు పెట్టి పుస్తకాలు తీసుకుంది.

డిసెంబరు 11
గురుస్వామితో చెప్పి మాల తీసేయాలి. గుడి మెట్ల దాకా వెళ్లాను. అక్కడెవరో ముసలాయన "స్వామి శరణం" అంటూ నా కాళ్లకు వంగాడు. వెనక్కి వచ్చేశాను. పిరికివాణ్ణి.

డిసెంబరు 14
క్లాసులో సుమ ముందు బెంచీలో లేదు. వెనక, గోడ పక్కన. పాఠం నేలను చూస్తూ చెప్పాను.

డిసెంబరు 15
శారద అప్పుడే ప్రయాణం పనుల్లో పడింది. కొండకి మోసుకెళ్లే ఇరుముడికి కొత్త సంచి కుట్టించింది.
"స్వామి ముడిలో నువ్వూ పిడికెడు బియ్యం వేయాలే సుమా."
"నాన్నని అడిగి చెప్తానమ్మా" అంది.
సాయంత్రమైంది. పక్క గదిలో చదువుకుంటోంది.
ఇంకా అడగలేదు...