టీ కొట్టు దగ్గరి వాదన

త్రిపురారం, 1991

నర్సన్నా, ఇది నువ్వొక్కడివే చదువు.

మొన్న టీ కొట్టు దగ్గర మీ బావ, ఆయన స్నేహితులు సినిమాలో గూఢచారి వేషం ఇక ఏ హీరో వేయాలని వాదించుకున్నారు. “పాతోడు ముసలోడైండు, ఇగ కొత్త గూఢచారి మనోడే” అని మీ బావ అరిచారట. అది ఎవరు విన్నారో తెలియదు. నిన్న అడవిలోని అన్నలు పంపారంటూ ఇద్దరు మా ఇంటికి వచ్చారు.

“పోలీసోళ్లకు మా సంగతులు మోసే కొత్త గూఢచారి ఎవడో నీ కొడుక్కు ఎర్కనట” అని మా అత్తను అడిగారు.

“అది సినిమా ముచ్చట, బిడ్డా” అంది అత్త.

“గా సినిమా ఏందో అతన్నే చెప్పమను. మళ్ల వస్తం.”

అప్పటి నుంచి మీ బావ అన్నం ముట్టలేదు. ఈ ఉత్తరం నీ చేతికిచ్చి వాకిట్లో నిలబడ్డది ఆయనే. మీ కోదాడలో ఎవరడిగినా కూలికి వచ్చాడని చెప్పు. ముందు లోపలికి రమ్మను.

నీ చెల్లెలు