పిలుస్తారని నిలబడ్డాను

నాన్నకు నమస్కారం.

నేను కులాసా. దగ్గు తగ్గిపోయింది, అమ్మను ఇక దాని గురించి బెంగపెట్టుకోవద్దను. నువ్వూ, అమ్మా, చెల్లీ ఆరోగ్యంగా ఉన్నారనుకుంటున్నాను. ఫోన్లో చెబితే సగం వినకుండానే "ఇదిగో, మీ అమ్మతో మాట్లాడు" అని ఇచ్చేస్తావు. అందుకే రాస్తున్నాను. చెల్లి చేత చదివించుకోకుండా నువ్వే చదువు.

యూనివర్సిటీలో ఆ ఉద్యోగాల ఆఫీసు వాళ్లు డబ్బులు గుంజుతారేమోనని రాశావు. ఏమీ తీసుకోరు, అది మేం కట్టే ఫీజులోనే ఉంది. అదేదో ఆఖరి సంవత్సరం వాళ్లకే అనుకుని ఇన్నాళ్లూ నేనే ఆ గడప తొక్కలేదు. లైబ్రరీ వెనక మెట్లెక్కితే రెండు గదులు. ఒకదాంట్లో ఖాళీల కాగితాలు అంటించిన బోర్డు, నాలుగు కంప్యూటర్లు. రెండోదాంట్లో ఒక మేడమ్. ఎవరేం చెప్పినా "తర్వాత?" అంటుందని పిల్లలు ఆవిడకు తర్వాత మేడమ్ అని పేరు పెట్టారు.

కిందటి నెల కంపెనీల వాళ్లు వచ్చి పెద్ద హాల్లో బల్లలేసుకుని కూర్చున్నారు. అక్కడ నేను చేసిన పనికి అందరూ నవ్వారు. నువ్వు నవ్వవు. మీరంతా పొద్దున్నే కూలికి అడ్డా మీద నిలబడతారే, అలాగే నిలబడ్డాను. మేస్త్రి బండి ఆగగానే ఎగబడితే రేటు పడిపోతుందని నువ్వెప్పుడూ అంటావు కదా. ఫైలు పట్టుకుని, అందరికీ కనబడే చోటు చూసుకుని, గోడ పక్కన నిలబడ్డాను. మధ్యాహ్నం దాటినా ఒక్కరూ పిలవలేదు. మా గదిలో ఉండే అమ్మాయి చూసి, "ఏంటే, బస్టాపులో నిలబడ్డట్టు నిలబడ్డావు? ఇక్కడికి బస్సు రాదు తల్లీ!" అంది.

బల్లలు ఎత్తేసేటప్పుడు తర్వాత మేడమ్ వచ్చింది.

"ఎవరి కోసమమ్మా?"

"పిలుస్తారని నిలబడ్డానండి."

"ఎవరు?"

"పని ఉన్నవాళ్లు."

ఆవిడ నవ్వలేదు. "నీకు పని వచ్చని వాళ్లకెలా తెలుస్తుంది?" అంది. అడ్డా మీదైతే చేతిలో తాపీ చూస్తారండీ అనబోయి ఊరుకున్నాను. మర్నాడు ఆఫీసుకు రమ్మంది.

వెళ్లాను. నా దరఖాస్తులో పని అనుభవం దగ్గర ఖాళీగా వదిలేశాను. అదేమిటని అడిగింది. ఏ ఆఫీసులోనూ చేయలేదన్నాను. సెలవుల్లో ఏం చేసేదానివి అంది. "మా నాన్నతో సైటుకెళ్లేదాన్ని. ఇటుకలందించడం, గోడలు తడపడం."

"తర్వాత?"

"సాయంత్రం కొలతలు రాసేదాన్ని. మేస్త్రి తప్పు చెబితే మళ్లీ కొలిపించేదాన్ని."

"మరి అది పని కాదూ? రాయి."

ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో కూడా చేయించింది. ఆవిడ యజమానిలా కూర్చుంటే నేను తలుపు తట్టి లోపలికి వెళ్లాలి. మొదటిసారి తల వంచుకుని మాట్లాడాను. "నాకు చెబుతున్నావా, నేలకు చెబుతున్నావా?" అంది. మళ్లీ బయటకు పంపి మళ్లీ రమ్మంది. అలా వారమంతా తిప్పింది.

ఇక్కడ చదివి వెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా ఆ ఆఫీసులో ఉంటాయి. మన అడ్డా సంగతి అప్పటికే ఆవిడతో చెప్పేశాను. "అయితే పని అడగొద్దులే. వాళ్లు చేసే పని ఎలా ఉంటుందో అడుగు. దానికి రేటేం పడిపోదు" అంది. మంచినీటి గొట్టాలు వేయించే ఒక ఇంజనీరమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ బాగానే మాట్లాడింది, సైటుకొచ్చి చూడమంది. కందకాల వెంట రోజంతా ఆవిడతో తిరిగాను. ఎండాకాలం సెలవులకు ఒక స్టూడెంటును తీసుకుంటున్నామని సాయంత్రం ఆవిడే చెప్పింది. దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో నేలకు చెప్పలేదు.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లోనూ అడిగిన విషయం. రెండో ఏడు అయ్యేలోగా ఏ దారీ కనబడకపోతే చదువు మానేసి వచ్చి దాణా గోదాములో గుమస్తాగా చేరాలని మనం అనుకున్నాం. బాబాయి ఆ యజమానికి మాట కూడా ఇచ్చాడు. ఎప్పుడు తేలుస్తావని రాశావు. తేల్చేశాను నాన్నా. ఇంటర్వ్యూ అయిన మర్నాడే ఆయనకు ఫోన్ చేసి రానని చెప్పాను. నిన్ను అడగలేదు, బాబాయికి చెప్పలేదు.

"మీ నాన్న చేత చెప్పించు" అన్నాడాయన.

"చేరాల్సింది నేను కదండీ. నేనే చెబుతున్నాను."

"చదువు బాగానే తలకెక్కిందే!" అని పెట్టేశాడు. ఆ కుర్చీలో అప్పుడే ఇంకొకరిని కూర్చోబెట్టాడట. బాబాయి నీతో మాట్లాడటం మానేశాడని అమ్మ చెప్పింది. ఎందుకో మీకు తెలియదంది. ఇందుకే.

మొన్న ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. ఆ పని వేరే అబ్బాయికి వచ్చింది. ఎందుకు రాలేదో చెప్పమని అడిగాను. కొలతలూ సైటూ నాకు బాగానే తెలుసట, కంప్యూటర్ మీద డ్రాయింగ్ వేయడం అతనికి వచ్చు, నాకు రాదు. ఆ పూట అన్నం సహించలేదు. ఆ డ్రాయింగ్ సాయంత్రాలు ఉద్యోగాల ఆఫీసులోనే ఊరికే నేర్పుతారు. నిన్న చేరాను. మేడమ్ ఇంకో ఇద్దరి నంబర్లు ఇచ్చింది. ఒకరికి చేశాను, ఎత్తలేదు. రేపు మళ్లీ చేస్తాను.

కాబట్టి ఇవాళ నా చేతిలో గోదామూ లేదు, గొట్టాల పనీ లేదు. బాబాయి ముందు నీకు తల కొట్టేసినట్టవుతుందని తెలుసు. కోపమొస్తే తిట్టి రాయి, చదువుకుంటాను. వచ్చేయమని మాత్రం రాయకు.

నువ్వు రాస్తే వచ్చేస్తాను.

ఇట్లు,
నీ పెద్దకూతురు